గుంత పూడ్చినా దాని పక్కనే మళ్లీ గుంత ఎందుకు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి శీర్షిక మొత్తం రోడ్లకే. వానలు వెనక్కి తగ్గి ప్యాచ్ పనులు మొదలయ్యే రోజులు కావడంతో ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో గుంతల ముచ్చటే ఎక్కువ. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం. జవాబులు రోడ్ల నిర్మాణం, నిర్వహణ తెలిసిన ఇంజినీర్లు రాసినవి.

ప్రశ్న: మా ఊరి నుంచి పరకాలకు పోయే డాంబర్ రోడ్డు మీద ఏటా దసరా తర్వాత గుంతలు పూడుస్తరు. జులై రాంగనే అదే జాగల, లేకపోతే దాన్ని ఆనుకొనే ఇంకో గుంత పడుతది. పని సక్కగ చేస్తలేరా, సామాను నాసిరకమా?
– ఒక రైతు, పరకాల ప్రాంతం

రెండూ అయి ఉండొచ్చు. అయితే పని సక్కగ చేసినా, సామాను మంచిదే అయినా ప్యాచ్ నిలవని రోడ్లున్నాయి. మీది ఆ రకమా కాదా అన్నది ముందు తేల్చుకోవాలి.

గుంత పైన కనిపిస్తుంది, తప్పు కింద ఉంటుంది. పల్లె రోడ్లలో ఎక్కువ వాటికి కంకర పొరల మీద 20 మి.మీ. మందం డాంబర్ కార్పెట్, దాని మీద నీళ్లు దిగకుండా మూసే పలుచటి పూత (సీల్ కోటు) మాత్రమే ఉంటాయి. ఆ 20 మి.మీ. కార్పెట్‌లో చిప్స్ (సన్న కంకర) మధ్య సందులు ఎక్కువ. అది బరువు మోసే పొర కానే కాదు. బండి బరువు మోసేది కింది కంకర, మట్టి. పైపొర పని కింది పొరల్ని నీళ్ల నుంచి, టైర్ల రాపిడి నుంచి కాపాడటం. సీల్ కోటు అరిగినా, మొదట్లోనే సరిగ్గా వేయకపోయినా వాన నీళ్లు నేరుగా కంకరలోకి దిగుతాయి. తడిసిన కంకర మీద లోడు లారీ పోతే ఆ నీటికి తప్పించుకునే దారి ఉండదు. ఒత్తిడికి పగుళ్లలోంచి పైకి చిమ్ముతూ సన్నటి మట్టిని కూడా తోడుకొస్తుంది. వాన వెలిసిన మర్నాడు పగుళ్ల చుట్టూ తెల్లగానో ఎర్రగానో బురద మరకలు ఎండి కనిపిస్తే అదే జరుగుతున్నట్టు. కింద అలా ఖాళీ పడ్డచోట పైపొర విరిగి గుంత అవుతుంది.

ఇప్పుడు ఆ గుంతలో మంచి మిక్స్ (డాంబర్ కలిపిన కంకర) వేసి గట్టిగా దట్టించారే అనుకుందాం. ప్యాచ్ గట్టిది, చుట్టూ ఉన్న రోడ్డు మెత్తది. పాతబట్టకు కొత్త గుడ్డ మాటు వేసినట్టు, చినిగేది మాటు కాదు, దాని అంచు. మీరు చెప్పిన ‘ఆనుకొనే ఇంకో గుంత’ అదే.

కాబట్టి గుంతను చూడకండి. దాని చుట్టూ ఒక మీటరు దూరం వరకు రోడ్డును చూడండి. మొసలి తోలులాగా చిన్న చిన్న గళ్ల పగుళ్లుంటే కంకర పొర అలిసిపోయింది. చక్రాలు పోయేచోట చాళ్లు పడితే కింది మట్టే జారుతోంది. చుట్టూ రోడ్డు నున్నగా, పగుళ్లు లేకుండా ఉండి, గుంత రెండు మూడు సెంటీమీటర్ల లోతుకే ఆగి, అడుగున కంకర బిగువుగా కనిపిస్తే అదృష్టవంతులు. అక్కడ ప్యాచ్ ఏళ్లకేళ్లు ఉంటుంది. అనుమానంగా ఉంటే గడ్డపారతో గుంత అడుగున పొడిచి చూడండి. ఖంగుమంటే మంచిది, పార సులువుగా దిగి తడిమట్టి వస్తే పైపూత లాభం లేదు.

ఇక నీటి సంగతి. ఒంటి వరుస రోడ్డు వెడల్పు 3.75 మీటర్లు. నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా ఉండాలి. నూటికి రెండున్నర వాలు లెక్కన అంచు కంటే నడుమ సుమారు నాలుగున్నర సెంటీమీటర్లు ఎత్తుండాలి. మేస్త్రీలు వాడే నీళ్ల పైపు లెవెల్‌తో ఇద్దరు నిలబడి ఐదు నిమిషాల్లో చూడొచ్చు. ఏటేటా ప్యాచ్‌ల మీద ప్యాచ్‌లు పడ్డ రోడ్డుకు ఈ వాలు మిగలదు. దానికి తోడు అంచున గడ్డి పెరిగి, మట్టి పేరుకుని రోడ్డు కంటే బర్మే (డాంబర్ పక్కనుండే మట్టి అంచు) ఎత్తవుతుంది. అప్పుడు రోడ్డే కాలువ. బర్మ్ వాలు రోడ్డు వాలు కంటే కొంచెం ఎక్కువే, నూటికి మూడు నాలుగు ఉండాలి. పనిముట్లేమీ లేకపోయినా ప్రతి ఐదు పది మీటర్లకు బర్మ్‌కు అడ్డంగా గండి కొట్టి నీళ్లు బయటికి వదిలితే, అది చాలా ప్యాచ్‌ల కంటే ఎక్కువ కాలం రోడ్డును నిలబెడుతుంది.

కాకతీయ కాలువ ఆయకట్టులో ఇంకో చిక్కుంది. రోడ్డు పక్కనే వరి మడి, వానాకాలం, యాసంగి రెండు పంటలకూ నిండా నీళ్లు. రోడ్డు కింది మట్టి పైభాగం నిలవ నీటి మట్టానికి కనీసం 60 సెం.మీ. ఎత్తున ఉండాలన్నది నియమం. మడి గట్టుకు సమానంగా ఉన్న రోడ్డుకు అది కుదరదు. ఆ మట్టి నల్లరేగడైతే మరీ కష్టం: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, నానినప్పుడు బరువు మోసే శక్తి దాదాపు పోతుంది. ఇలాంటిచోట ప్యాచ్‌కు ఎంత ఖర్చు పెట్టినా దండగే. రోడ్డు ఎత్తు పెంచాలి, లేదా పక్క కాలువ తీసి మడి నీళ్లు రోడ్డుకు దూరంగా మళ్లించాలి, రేగడి మీద మంచి మొరం పొర వేయాలి.

2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 60 సెంటీమీటర్లకు పైగా కురిసిన లాంటి వానకు ఏ రోడ్డయినా కొట్టుకుపోతుంది, దానికి ఎవర్నీ అనలేం. మామూలు ముసురుకే గుంతలు పడుతున్నాయంటే మాత్రం లెక్క చూడాల్సింది వానది కాదు, కాలువది.

ప్రశ్న: మా కాలనీ యువజన సంఘం తరఫున చందాలేసుకొని గుంతలు పూడ్చాలనుకుంటున్నాం. కూల్చిన ఇళ్ల ఇటుక ముక్కలు, సిమెంటు కాంక్రీటు వాడొచ్చా? పద్ధతి ప్రకారం చేయాలంటే ఎంత సామాను పడుతుంది?
– ఒక పాఠకుడు, హన్మకొండ

ఇటుక ముక్కలు వద్దు. టైరు కింద నలిగి పొడవుతాయి, ఆ పొడి నీళ్లు పీల్చుకుని చుట్టూ ఉన్న కంకరను కూడా తడిగా ఉంచుతుంది. వారంలో రోడ్డంతా ఎర్రటి దుమ్ము, ద్విచక్ర వాహనాలు జారడం అదనం. సిమెంటు కాంక్రీటు గట్టిదే, కానీ డాంబర్ రోడ్డు మధ్యలో అది అతకని రాయి. ఆరేటప్పుడు కాస్త కుంచించుకుని అంచు చుట్టూ సన్నటి సందు పడుతుంది. ఆ సందులోంచి నీళ్లు దిగి దాని చుట్టూ ఉన్న డాంబర్ లేస్తుంది. పైగా కాంక్రీటుకు పూర్తి బలం రావడానికి 28 రోజులు. అన్నాళ్లు కాలనీ రోడ్డు మూయగలరా? సీసీ రోడ్డుకు కాంక్రీటు, డాంబర్ రోడ్డుకు డాంబర్ అని పెట్టుకోండి.

రోడ్డు ఎవరిదో వాళ్లకు, మీ విషయంలో నగరపాలక సంస్థకు, ముందుగా రాతపూర్వకంగా చెప్పండి. జాతీయ రహదారి మీదైతే ఈ పని అసలు తలపెట్టొద్దు.

పద్ధతి ఇది. గుంత చుట్టూ బాగున్న రోడ్డులోకి ఓ 15 సెం.మీ. లోపలికి జరిగి సున్నంతో దీర్ఘచతురస్రం గీయండి. గుంత గుండ్రంగా ఉందని గుండ్రంగా గీయొద్దు. ఆ గీత మీదుగా కట్టర్‌తో కానీ, ఉలి సుత్తెలతో కానీ నిట్టనిలువుగా కోయాలి. అంచు వాలుగా ఉంటే అక్కడ మిక్స్ పలచబడి మొదటి వానకే పొరలుగా లేస్తుంది. గట్టి కంకర తగిలేదాకా తవ్వి, వదులైనదంతా తీసి, చీపురుతో, వీలైతే గాలి కొట్టే యంత్రంతో దుమ్ము పూర్తిగా పోగొట్టాలి. ప్యాచ్ లేచిపోవడానికి దుమ్మే పెద్ద కారణం అంటే నమ్మరు కానీ, లేచిన ప్యాచ్ ముక్కను తిరగేసి చూడండి, అడుగున మట్టి అంటుకుని ఉంటుంది, డాంబర్ కాదు.

తర్వాత ట్యాక్ కోటు, అంటే కొత్త మిక్స్ పాతదానికి అంటుకునేలా పూసే జిగురు పూత. ఆర్ఎస్-1 రకం ఎమల్షన్ (నీళ్లలో కలిపిన డాంబర్) చదరపు మీటరుకు 0.3 కిలో వరకు, అడుగుకూ నాలుగు గోడలకూ బ్రష్‌తో పూయాలి. గోడలకు పూయడం అందరూ మరిచిపోతారు. గోధుమ రంగులో ఉన్న ఎమల్షన్ నల్లబడేదాకా ఆగాలి. నల్లబడకముందే మిక్స్ వేస్తే నీళ్లు లోపలే చిక్కుకుంటాయి. ఎక్కువ పోసినా నష్టమే, ఎండాకాలంలో పైకి తేలి రోడ్డు జారుతుంది.

ఇక లెక్క. కోసిన తర్వాత గుంత 1.2 మీటర్ల పొడవు, 0.9 మీటరు వెడల్పు, 7 సెం.మీ. లోతు ఉందనుకోండి. ఘనపరిమాణం 0.0756 ఘనపు మీటర్లు. దట్టించిన హాట్ మిక్స్ ఘనపు మీటరుకు సుమారు 2.3 టన్నులు తూగుతుంది, అంటే 174 కిలోలు. చేజారేదానితో కలిపి 185 కిలోలు తెప్పించుకోండి. ఎమల్షన్ అడుగు, గోడలు కలిపి అరకిలో లోపే. గుంత ఒకటికి దాదాపు రెండు క్వింటాళ్లు పడుతుందని తెలిశాక చాలా సంఘాలు గుంతల జాబితా తగ్గించుకుంటాయి. తగ్గించుకోవడమే మేలు, పది సగం సగం పూడ్చే కంటే మూడు సరిగ్గా పూడ్చండి.

మిక్స్‌ను రెండు పొరలుగా వేయాలి. దట్టించాక 7 సెం.మీ. రావాలంటే వదులుగా మొత్తం ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది సెంటీమీటర్లు పోయాలి. అంచుల దగ్గర మొదలుపెట్టి నడుమకు రావాలి. ప్లేట్ వైబ్రేటర్ అద్దెకు దొరికితే తెచ్చుకోండి. చేతి దిమ్మిసతో అయితే పొర మరీ పలుచగా వేసుకోవాలి. ‘లారీలు తొక్కితే అదే దిగుతుంది’ అన్న మాట వినొద్దు. అలా దిగినది రోడ్డు మట్టం కంటే లోతుకు దిగుతుంది, ఆ పల్లంలో నీళ్లు నిలుస్తాయి. అయిపోయాక చుట్టుపక్కల కంటే పిసరంత ఎత్తుండాలి. మూడు మీటర్ల తిన్నటి పట్టీ అడ్డంగా పెట్టి చూస్తే తేడా 5 మి.మీ. దాటకూడదు. చివరగా నాలుగు అంచుల కీలు మీదా ఎమల్షన్ పూసి, సన్నటి రాతిపొడి (డస్ట్) చల్లండి.

అన్నిటికంటే ముఖ్యమైంది వేడి. వీజీ-30 రకం డాంబర్ మిక్స్ ప్లాంటు నుంచి 150–165 డిగ్రీల సెల్సియస్ దగ్గర బయల్దేరుతుంది, పరిచేటప్పుడు కనీసం 140, రోలింగ్ ముగిసేసరికి 90 కంటే తగ్గకూడదు. పొద్దున లోడు తెచ్చి మధ్యాహ్నం దాకా వీధి వీధి తిరుగుతూ వేస్తే చివరి గుంతలకు పడేది చల్లారిన గడ్డలే. అవి ఎంత కొట్టినా బిగుసుకోవు, లోపల సందులుండిపోతాయి. ఇనుప కాడ థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే ఈ వాదనలన్నీ తీరిపోతాయి. మిక్స్ నుంచి నీలిరంగు పొగ లేస్తుంటే అది మరీ కాగి డాంబర్ మాడింది, అదీ పనికిరాదు. రోడ్డు పక్కన డ్రమ్ములో కట్టెలు పెట్టి కాచే డాంబర్‌తో వచ్చే తిప్పలు ఎక్కువగా ఇవే.

మన ప్రాంతపు రాయి గురించి ఒక మాట. వరంగల్, కరీంనగర్ చుట్టూ దొరికే కంకర ఎక్కువగా గ్రానైట్. గట్టితనంలో దానికి వంక పెట్టలేం, కానీ డాంబర్ కంటే నీటినే ఎక్కువగా అంటిపెట్టుకునే గుణం దానిది. ల్యాబులో డాంబర్ పూసిన చిప్స్‌ను 40 డిగ్రీల నీళ్లలో 24 గంటలు ఉంచి తీస్తే పూత కనీసం 95 శాతం మిగలాలి. మిగలకపోతే పూత ఊడకుండా పట్టి ఉంచే రసాయనం కానీ, తడిపి ఆరబెట్టిన సున్నం పొడి నూటికి రెండు పాళ్లు కానీ కలపాలి. ప్లాంటు వాళ్లను ఈ పరీక్ష కాగితం అడగండి.

ప్రశ్న: మా ఊరి రోడ్డు 2 కిలోమీటర్లు. ప్యాచ్ వర్కే చేయించాలా, మొత్తం కొత్తగా వేయమని అడగాలా? లెక్క ఎట్ల తేల్చాలి?
– ఒక గ్రామ ప్రజాప్రతినిధి, నర్సంపేట ప్రాంతం

టేపు, సున్నం, ఒక నోటు పుస్తకం తీసుకొని రోడ్డంతా నడవండి. కిలోమీటరుకు 3.75 మీటర్ల వెడల్పు లెక్కన 3,750 చదరపు మీటర్లు. గుంతల విస్తీర్ణం అందులో ఒక శాతం, అంటే 37.5 చ.మీ. దాటితే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలమానాల ప్రకారం ఆ కిలోమీటరు ‘బాగాలేదు’ అన్న కోవలోకి వస్తుంది. ఒక శాతమే కదా అనిపిస్తుంది. కానీ కోత లెక్క వేరు. 60 x 40 సెం.మీ. గుంతకు నాలుగు వైపులా 15 సెం.మీ. కలిపి కోస్తే 90 x 70 సెం.మీ. అవుతుంది. పావు చదరపు మీటరు కూడా లేని గుంతకు ప్యాచ్ 0.63 చ.మీ., అంటే రెండున్నర రెట్లకు పైనే. ఆ లెక్కన కిలోమీటరుకు వంద చదరపు మీటర్ల ప్యాచ్. అంచనా తయారుచేసేటప్పుడు గుంత కొలత రాసి, ప్యాచ్ కొలతకు డబ్బు చాలక పలుచగా కానిచ్చేస్తే ఏమవుతుందో మొదటి ఉత్తరంలో ఉంది.

గుంతల కొలత ఒక్కటే చాలదు. అదే పుస్తకంలో మూడు గడులు గీసుకోండి: గళ్ల పగుళ్లున్న చోటు ఎంత, పాత ప్యాచ్‌లు ఎంత, చక్రాల దారిలో చాళ్ల లోతు ఎంత. గుంతలు విడివిడిగా ఉండి మిగతాదంతా బాగుంటే ప్యాచ్ చేయించి, 3 మి.మీ. కంటే వెడల్పున్న పగుళ్లను ఎమల్షన్, డస్ట్‌తో నింపించండి. జూన్ మొదట్లో నైరుతి వచ్చేలోపు ఇది అయిపోవాలి. పగుళ్లు నింపడానికి ఫొటో దిగేవాళ్లు రారు, కానీ రోడ్డు వయసు పెంచే పనుల్లో ఇంత చవకైనది ఇంకోటి లేదు.

చాళ్లు లేవు, కింద గట్టిగానే ఉంది, కానీ పైపొర ముసలిదై చిప్స్ రాలుతున్నాయి అంటే రెన్యువల్ (పైపొర కొత్తగా వేయడం) అడగండి. 20 మి.మీ. కార్పెట్‌కు ప్రతి 10 చ.మీ.కు చిప్స్ 0.27 ఘనపు మీటర్లు, డాంబర్ 14.6 కిలోలు పట్టాలి. దాని మీద ఇసుకతో కలిపి వేసే బి రకం సీల్ కోటుకు మరో 6.8 కిలోలు. పని జరిగే రోజు ఎన్ని డ్రమ్ములు వచ్చాయో, ఎంత దూరం వేశారో చూస్తే మీకే తెలుస్తుంది. కార్పెట్ వేసి ‘సీల్ కోటు తర్వాత వేస్తాం’ అంటే ఒప్పుకోవద్దు. ఆ మధ్యలో ఒక్క గట్టి వాన చాలు. ఇంకో సంగతి, గుంతలు పూడ్చకుండా వాటి మీదే కార్పెట్ పరిస్తే గుంత ఉన్నచోట మందం ఎక్కువై దట్టింపు సరిగా అందదు, నెలల్లోనే అదే ఆకారంలో పల్లం తేలుతుంది. ముందు ప్యాచ్, తర్వాతే కార్పెట్.

గళ్ల పగుళ్లు బారెడు పొడవున పాకి, చాళ్లు లోతుగా పడి ఉంటే మాత్రం ప్యాచ్, రెన్యువల్ రెండూ అడగొద్దు. కింది పగుళ్లు కొత్త పొరలోకి ఎక్కివస్తాయి. బలపరచమని అడగండి. దానికి ముందు పరీక్ష చేయించాలి. బెంకెల్‌మన్ బీమ్ పరీక్షలో వెనక ఇరుసు మీద 8,170 కిలోల బరువున్న లారీని నిలిపి, అది కదిలాక రోడ్డు ఎంత పైకి లేస్తుందో మి.మీ.లో వందో వంతు దాకా కొలుస్తారు. ఎక్కడ తక్కువ లేస్తే అక్కడ రోడ్డు గట్టిది. ఆ అంకెల నుంచి ఎంత మందం పొర కావాలో తేలుతుంది. కంకర పొర పూర్తిగా చెడితే పాత రోడ్డునే యంత్రంతో పొడిచేసి, సిమెంటు కలిపి, తడిపి, రోలింగ్ చేసే పద్ధతి ఇప్పుడు మన దేశంలో పల్లె రోడ్లకు వాడుతున్నారు. కొత్త కంకర తక్కువ పడుతుంది, రోడ్డు ఎత్తు మరీ పెరిగి ఇళ్లలోకి నీళ్లు వచ్చే బాధ ఉండదు.

ఆ నిధులు వచ్చేలోపు గుంతలు అలాగే వదిలేయాలా అంటే, వదలొద్దు. మనుషులు పడకుండా పూడ్చాల్సిందే. కానీ అది ప్రాణాల కోసం చేసే తాత్కాలిక పనని కాగితం మీద అలాగే రాయించండి. ‘రోడ్డు మరమ్మతు పూర్తి’ అని రాస్తే వచ్చే ఏడాది బలపరిచే పనికి మీరే అడ్డుపడ్డట్టవుతుంది.

ప్రశ్న: ఇసుక లారీలు, గ్రానైట్ దిమ్మెల లారీలు మొదలైనంక మా రోడ్డు రెండేండ్లల్ల పాడైంది. అంత తేడా ఉంటదా?
– ఒక ఉపాధ్యాయుడు, భూపాలపల్లి జిల్లా

ఉంటుంది. బరువు రెట్టింపైతే నష్టం రెట్టింపు కాదు, సుమారు పదహారు రెట్లు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 1958–60 మధ్య లారీలను రాత్రింబగళ్లు తిప్పి చేసిన పరీక్షల నుంచి వచ్చిన లెక్క ఇది. ఇరుసు బరువు నాలుగో ఘాతం ప్రకారం రోడ్డు అరుగుతుంది. మన డిజైన్లకు ప్రామాణిక ఇరుసు 8.16 టన్నులు. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 2018లో కేంద్రం పరిమితిని 10.2 నుంచి 11.5 టన్నులకు పెంచింది. 11.5 టన్నులంటే ప్రామాణిక ఇరుసుకు దాదాపు నాలుగు రెట్ల నష్టం. ఓవర్‌లోడుతో 15 టన్నులకు పోతే పదకొండు రెట్లకు పైనే.

పదేళ్లలో లక్ష ప్రామాణిక ఇరుసులు తట్టుకునేలా కట్టిన పల్లె రోడ్డు మీద, ఒక్కోటి నాలుగు ఇరుసుల నష్టం చేసే లారీలు రోజుకు 20 తిరిగితే రోజుకు 80, ఏడాదికి 29 వేలు. మూడున్నరేళ్లలో లక్ష అయిపోతుంది, అదీ ఓవర్‌లోడు లేకుండా. కాబట్టి ఇక్కడ ప్యాచ్ నాణ్యత మీద పోట్లాడటం దండగ. లారీల సంఖ్య లెక్కపెట్టి, వారం రోజుల పట్టిక జతచేసి, ఆ రోడ్డును ఆ రద్దీకి తగ్గట్టు బలపరచాలనో, లారీలను వేరే దారి పట్టించాలనో, తూకం వేయాలనో అడగండి.

ప్రశ్న: దమ్ము చేసే ట్రాక్టర్ ఇనుప కేజ్ వీల్స్‌తో రోడ్డెక్కితే నిజంగా పాడవుతదా, ఊరికే బెదిరిస్తున్నరా?
– ఒక ట్రాక్టర్ యజమాని, హుజూరాబాద్ ప్రాంతం

బెదిరింపు కాదు. రబ్బరు టైరు బరువును అరచేయంత మేర పరుస్తుంది, ఇనుప పట్టీ గీత మీద మోపుతుంది. సీల్ కోటు మందం కొన్ని మిల్లీమీటర్లే, ఒక్కసారి పోయినా అడ్డగీతలు పడతాయి. సరిగ్గా వానాకాలం నాట్ల రోజుల్లోనే ఈ గీతలు పడటం ఇంకా చేటు, ఆ సందుల్లోకి నీళ్లు అప్పటికప్పుడే దిగుతాయి. చక్రాలు మడి దగ్గర బిగించుకోండి, లేదా ట్రాలీలో తీసుకెళ్లండి. రోడ్డు అడ్డంగా దాటడమే ఉంటే పాత కన్వేయర్ బెల్టు ముక్కలు పరిచి దాటండి.

ప్రశ్న: నడి వానల్లో గుంత పూడ్చాలంటే బస్తాల్లో దొరికే రెడీమేడ్ మిక్స్ పనిచేస్తదా?
– ఒక ఆటో డ్రైవర్, వరంగల్

పనిచేస్తుంది, కొన్నాళ్లకు. అది పలుచన చేసిన డాంబర్‌తో కలిపిన చల్లటి మిక్స్. పలుచన చేయడానికి కలిపిన నూనె ఎగిరిపోయే కొద్దీ గట్టిపడుతుంది, వానల్లో అది నెమ్మది. గుంతలో నీళ్లు తోడేసి, బురద తుడిచి, 5 సెం.మీ. మించని పొరలుగా కొట్టాలి. 25 కిలోల బస్తా అయితే 5 సెం.మీ. లోతున పావు చదరపు మీటరు కూడా నిండదు, మూరెడు పొడవు మూరెడు వెడల్పు అనుకోండి. బస్టాపులు, మలుపులు, సిగ్నళ్ల దగ్గర బండ్లు బ్రేకు వేసినచోట ఇది ముద్దగా జరిగిపోతుంది. చలికాలంలో దాన్ని తీసేసి హాట్ మిక్స్ వేయడం రెండో పని. తీసేసే పని ఎవరూ చేయరు, అందుకే దీనికి చెడ్డపేరు.

ప్రశ్న: నల్లా పైపు కోసం రోడ్డు అడ్డంగా తవ్విన్రు. పూడ్చిన ప్రతిసారి కుంగుతుంది. ఎందుకు?
– ఒక గృహిణి, జనగామ

తవ్విన మట్టినే ఒక్కసారిగా గుమ్మరించి పైన ప్యాచ్ వేస్తారు కాబట్టి. పైపు చుట్టూ ఇసుక, ఆపైన మొరం 15 సెం.మీ. పొరలుగా తడుపుతూ దట్టించాలి. పైన తడిమిక్స్ కంకర వేశాక చదరపు మీటరుకు 0.7 నుంచి 1 కిలో దాకా ఎస్ఎస్-1 ఎమల్షన్‌తో కంకరలోకి ఇంకే ప్రైమ్ కోటు, ఒక రోజు ఆగి, ట్యాక్, ఆపైన డాంబర్. డాంబర్ పొరను కాలువ వెడల్పుకే కోయకుండా రెండు వైపులా 15–30 సెం.మీ. ఎక్కువ కోస్తే దాని అంచులు కదలని నేల మీద కూర్చుంటాయి. ఇప్పటికే మూడుసార్లు కుంగితే నాలుగోసారి పైన వేయొద్దు, మొత్తం తవ్వి మొదలుపెట్టాలి. ఒకసారి పైపు లీకు ఉందేమో కూడా చూపించండి. ఎండాకాలంలో కూడా ఆ చోటు చెమ్మగా ఉంటే లీకే.

ప్రశ్న: ఫిర్యాదు ఎవరికి, ఎలా రాస్తే పని అవుతుంది?
– పలువురు పాఠకులు

ముందు రోడ్డు ఎవరిదో తేల్చుకోండి. హైదరాబాద్–వరంగల్–ములుగు–ఏటూరునాగారం మీదుగా పోయే 163, జగిత్యాల–కరీంనగర్–వరంగల్–ఖమ్మం దారి 563 జాతీయ రహదారులు. జిల్లా ప్రధాన రోడ్లు సాధారణంగా ఆర్ అండ్ బీ, ఊళ్ల రోడ్లు పంచాయతీరాజ్, నగరంలో వీధులు నగరపాలక సంస్థ. గ్రామ సడక్ యోజన రోడ్డయితే మొదట్లోనే బోర్డు ఉంటుంది. కట్టిన కాంట్రాక్టరే ఐదేళ్లు నిర్వహించాలి, బోర్డు మీద పూర్తయిన తేదీ చూసుకుని ‘మేరీ సడక్’ యాప్‌లో ఫొటోతో ఫిర్యాదు పెట్టండి. ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా బాధ్యులైన సంస్థకు లక్ష రూపాయల వరకు జరిమానా వేసే 198ఏ సెక్షన్ 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరింది.

ఫిర్యాదులో ‘రోడ్డంతా గుంతలు’ అని రాస్తే ఒక లోడు మిక్స్ పంపి ముగిస్తారు. కిలోమీటరు రాయి నుంచి ఎన్ని మీటర్ల దూరం, పొడవు వెడల్పు లోతు, పక్కన టేపు పెట్టి తీసిన ఫొటో ఇవ్వండి. ఆ తర్వాతి వాక్యంలోనే కారణం రాయండి: ‘ఎడమ వైపు కల్వర్టు తూము మట్టితో మూసుకుపోయింది, వాన పడ్డ ప్రతిసారి ఇక్కడ నీళ్లు నిలుస్తున్నాయి, గుంతతో పాటు తూము కూడా తీయించగలరు.’ గుంతకూ తూముకూ పని చేసే మనుషులు వేరు, అంచనా వేరు. ఒకే కాగితంలో రెండూ అడగకపోతే రెండోది ఎవరి దస్త్రంలోకీ రాదు.